రెండు రబ్బరు ముక్కలు

ఇంకా పనికొస్తాయా అని అడిగింది లినియో,
నా కొట్టు గుమ్మంలో సైకిల్‌ని తలకిందులుగా నిలబెట్టి.
అడిగిన తీరులోనే జవాబు ఉంది.
పనికిరావని నా నోట వస్తే చాలు,
డిస్క్ బ్రేకుల బండికి వాళ్ళ మేనమామ డబ్బిస్తాడు.

సెమొంకాంగ్‌లో జూన్ నెల.
జలపాతం అంచుకు మంచు మీసాలు మొలిచాయి.
దుప్పట్లు కప్పుకున్న రౌతులు
మొక్కజొన్న పిండి బస్తాలతో పోతూ పోతూ
లోపలికి తొంగి చూసి నవ్వుతారు:
"గుర్రానికైతే బ్రేకు నోట్లోనే ఉంటుంది, మోలేఫీ!"

నేను ఎవరికీ బదులివ్వలేదు.
సూది తీసుకున్నాను.
బ్రేకు రబ్బర్లలో దిగబడ్డ వెండి రజనుని
పలుకు పలుకూ పెకలించి
లినియో అరచేతిలో పోశాను.
ఇదేమిటో తెలుసా? నీ చక్రమే.
వాన వచ్చి దారిలోని ఇసుకను రబ్బరుకు తినిపిస్తుంది,
రబ్బరు రిమ్మును తింటుంది.
ఆగిన ప్రతిసారీ
నిన్ను ఆపేదాన్నే కాస్త కాస్త ఖర్చు పెడుతున్నావు.

బొటనవేలితో తడిమి చూడు,
అంచు గుంట పడింది,
అన్నం మెతుకులు గీకీ గీకీ అరిగిన గరిటెలాగ.
నాది ఒకసారి ఇలాగే అరిగి
దిగుడులో తుపాకీ పేలినట్టు పేలింది.
గడ్డం కింద ఈ మచ్చ అప్పటిదే.
మా ఆవిడ మాత్రం గొర్రె తన్నిందనే అందరికీ చెబుతుంది.

అయినా సెచాబా సంగతి విను.
కొండ మీది గుడిసెలకు క్షయ మందులు మోస్తాడు.
ఎవరో దానమిచ్చిన బండి, మెరిసే డిస్కులు,
చిటికెన వేలితో నొక్కితే చాలు, శిలలా నిలిచేది.
పోయిన చలికాలం గొట్టంలోంచి నూనె కారిపోయింది.
బ్లూమ్‌ఫంటెయిన్ నుంచి చిన్న సీసా రావడానికి
పంతొమ్మిది రోజులు.
ఆ పంతొమ్మిది రోజులూ బండి నా చూరుకు వేలాడింది,
సెచాబా కాళ్ళు నడిచాయి,
మాత్రలు ఆలస్యంగా చేరాయి.
అదే ఈ పాత బ్రేకు అయితే
పాడైన మోటార్‌సైకిల్ క్లచ్చి తీగ ఒకటి,
రెండు రబ్బరు ముక్కలు,
ఐదో నంబరు ఎలెన్ కీ,
పొయ్యి మీద టీ మరిగేలోపు పని అయిపోయేది.

"అంటే మంచివేనంటావా?"

అననివ్వు పిల్లా.
డిస్క్ మాట అనగానే వింటుంది.
ఇది తడిలో వినదు, అదీ నిజమే.
చక్రం ముందు ఒక చుట్టు తిరిగి
ఒంటి మీది నీళ్ళు తుడుచుకుని
ఆ తర్వాత, సరే, ఏమన్నావు, అంటుంది.
సెచాబా నడకలాంటి వేగానికి
ఆ ఒక్క చుట్టు లెక్కలోకి రాదు.
నువ్వు పందేనికి దిగే అమ్మాయివి.
నీ వేగంలో ఆ ఒక్క చుట్టు
బాట ఇక్కడ, నువ్వు అక్కడ.

వెళ్ళు, మీ మామతో నేనే అన్నానని చెప్పు.

ఆమె గెలిచినట్టు నవ్వి,
చేతిలోని రజను ఏం చెయ్యాలో తెలియక
కాసేపు అలాగే నిలబడి
చివరికి కోటు జేబులో పోసుకుంది.
పాత బండి నాకే వదిలేసింది.

దాన్ని విప్పి సామాను చేసుకోవాలి, అదే న్యాయం.
వెనక చక్రం సెచాబాకి వస్తుంది,
ముందుదాన్ని ఇక నమ్మకూడదు.
సరిగ్గా ఉన్న పాత రిమ్ము ఒకటి అటక మీద దొరికింది,
ఆకులు బిగించేసరికి పొద్దు వాలింది,
ఆ బండి మీదే ఇంటికి బయల్దేరాను.

దిగుడులో కలబంద పొద దగ్గర నొక్కాను,
మలుపుకు ఇరవై బారల ముందు,
ఎప్పుడూ నొక్కే చోటే.
మొదట ఏమీ లేదు.
తర్వాత కీచుమని కొండంతా వినబడేలా అరిచింది.
వాగు గట్టున, దారికి అడ్డంగా పడుకున్న మా కుక్క
తల ఎత్తకుండానే
లేచి పక్కకి జరిగింది.